పర్యుషణ్ రోజుల్లో ధ్యానం, మైత్రి, క్షమాపణ: తెలుగింట్లో ఎలా చేసుకోవాలి

వినాయక చవితి నాడు పొద్దున్నే మీ ఫోన్‌కి ఒక మెసేజ్ వస్తుంది. చేతులు జోడించిన బొమ్మ, కింద 'మిచ్ఛామి దుక్కడం' అన్న రెండు మాటలు. విజయవాడ వన్‌టౌన్‌లో మీరు బట్టలు కొనే కొట్టు సేఠ్ గారు పంపి ఉంటారు, లేదా పిల్లల స్కూల్లో పరిచయమైన జైన్ కుటుంబం పంపి ఉంటుంది. నేను చేసిన తప్పు ఫలించకుండా పోవాలి, క్షమించండి అని ఆ మాటల భావం. మనం తిరిగి ఒక నమస్కారం బొమ్మ పెట్టేసి, పత్రి కొనడానికి బజారుకి వెళ్ళిపోతాం.

ఆ రెండు మాటల వెనక పర్యుషణ్ అనే జైనుల పండగ, ఎనిమిది రోజుల పని ఉంది. నోరు కట్టుకోవాలి, కదలకుండా కూర్చోవాలి, ఏడాది పొడుగునా ఎవర్ని ఎక్కడ నొప్పించామో ఒక్కొక్కటిగా గుర్తు చేసుకోవాలి, తర్వాత వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి అడగాలి. అదంతా చేశాక అన్న 'మిచ్ఛామి దుక్కడం' బరువే వేరు. జైనులు కానివాళ్ళు కూడా ఈ పని చేసుకోవచ్చు.

నేను జైన కుటుంబంలో పుట్టలేదు. వన్‌టౌన్‌లో వాళ్ళ ఇళ్ళ మధ్య పెరిగాను, ఆ రోజుల్లో వాళ్ళతో కలిసి కూర్చోవడం అలవాటైంది. పూర్తి విధి తెలుసుకోవాలంటే ఉపాశ్రయంలో, అంటే జైన సాధువులు బస చేసే చోట, మహారాజ్ సాహెబ్ అని పిలిచే ఆ సాధువుల దగ్గరే నేర్చుకోవాలి. చాతుర్మాస్యంలో సాధువులు ఒకే ఊళ్ళో ఉంటారు కాబట్టి అడగడానికి అదే సరైన సమయం. ఉద్యోగం, వంట, పిల్లలు ఉన్న తెలుగింట్లో చేసుకోగలిగినంత వరకే నేనిక్కడ చెబుతున్నాను.

"మనది కాని పండగ మనకెందుకు" అనే వాళ్ళుంటారు. 7వ శతాబ్దంలో తూర్పు చాళుక్య రాజు కుబ్జ విష్ణువర్ధనుడి రాణి అయ్యణ మహాదేవి ఈ బెజవాడలోనే నడుంబి వసతి అనే జైనాలయానికి ముషినికొండ గ్రామాన్ని దానం ఇచ్చింది. ఈ ఊరికి ఈ మాటలు పదమూడు వందల ఏళ్ళ నాటివి. మొహమాటం అక్కర్లేదు.

ముందు తేదీలు చూసుకోండి

జైనుల్లో శ్వేతాంబరులు, దిగంబరులు అని రెండు శాఖలు. శ్వేతాంబరులకి పర్యుషణ్ 8 రోజులు. శ్రావణ బహుళ పక్షం చివర్లో మొదలై భాద్రపద శుద్ధ చవితితో ముగుస్తుంది. వాళ్ళలోనే విగ్రహపూజ చెయ్యని స్థానకవాసి, తేరాపంథి వాళ్ళకి పంచమితో ముగుస్తుంది. ఆ చివరి రోజే సంవత్సరి. దిగంబరులకి పంచమి నాడు మొదలై అనంత చతుర్దశి దాకా 10 రోజులు, దాన్ని దశలక్షణ పర్వం అంటారు. రోజుకో ధర్మం చొప్పున తీసుకుంటారు, మొట్టమొదటిది ఉత్తమ క్షమ. అది ముగిశాక ఒకరినొకరు క్షమాపణ అడిగే క్షమావాణి జరుపుకుంటారు. ఇంట్లో పంచాంగం ఉంటే వినాయక చవితి నుంచి వెనక్కి ఎనిమిది రోజులు లెక్కపెట్టుకోండి, చాలు.

మనకి ఇందులో ఒక చిక్కుంది. సంవత్సరి సరిగ్గా మనింట్లో ఉండ్రాళ్ళు, పూజ, మండపం హడావుడి ఉన్న రోజునే పడుతుంది. ఆ రోజు తీరిగ్గా కూర్చుని ఎవరినైనా క్షమాపణ అడుగుదామంటే కుదరదు. కాబట్టి అడగవలసినవన్నీ తదియ సాయంత్రానికల్లా పూర్తయ్యేలా చూసుకోండి. చవితి నాడు మనం శమంతకమణి కథ విని నెత్తిన అక్షింతలు వేసుకునేది మన మీద నీలాపనింద పడకూడదని. మనం ఇతరుల మీద వేసిన నిందల సంగతి అంతకు ముందే తేల్చుకుని ఆ కథ వింటే, అది వేరేగా వినిపిస్తుంది.

నియమం ఒక్కటే పెట్టుకోండి

ఎనిమిది రోజులూ కాచిన నీళ్ళు మాత్రమే తాగుతూ చేసే ఉపవాసాన్ని అట్ఠాయి అంటారు. పదేళ్ళ పిల్లలు కూడా చేశారని విని మీరు మొదటి ఏడాదే దాని జోలికి వెళ్ళకండి. షుగర్, బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు మామూలు ఉపవాసం కూడా డాక్టర్ని అడగకుండా చెయ్యకూడదు.

మొదటిసారి చేసేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: పొద్దుగూకాక తినకండి. భాద్రపదంలో మన దగ్గర ఆరు దాటి కాసేపటికే పొద్దు గూకుతుంది. ఆఫీసులో ఉంటే సాయంత్రం డబ్బా తీసుకెళ్ళండి. జైనులు దుంపలు మానేస్తారు, అంటే ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, క్యారెట్, పచ్చి అల్లం కూడా. శొంఠి వాడొచ్చు. చాలామంది ఈ ఎనిమిది రోజులూ ఆకుకూరలు, పచ్చి కూరగాయలు కూడా ముట్టరు. అయినా మన వంటింట్లో ఇబ్బందేం లేదు. పెసరపప్పు, మిరియాల చారు, వెల్లుల్లి వెయ్యని కందిపొడి, అప్పడాలు ఉంటే రోజు గడిచిపోతుంది. కొంచెం గట్టిగా ప్రయత్నిద్దామనుకుంటే ఒక రోజు ఆయంబిల్ చెయ్యండి. నెయ్యి, నూనె, పాలు, పెరుగు, బెల్లం, పంచదార ఏవీ లేకుండా ఉడికించిన ధాన్యం, పప్పు ఒక్క పూట తినడం. గుంటూరు కారానికి అలవాటైన నాలుకకి అది ఉపవాసం కంటే కష్టం.

తిండి గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. రాత్రి ఎనిమిదింటికి ఆకలేసినప్పుడు మీరు ఎవరి మీద విసుక్కుంటారో గమనించండి. బాస్ మీద విసుక్కోరు. భార్య మీదో, అమ్మ మీదో, హోంవర్క్ చెయ్యని పిల్లవాడి మీదో విసుక్కుంటారు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి. తర్వాత రాయబోయే లెక్కలో మొదటి పేరు అదే.

రెండు ఘడియలు కూర్చోండి

జైనుల ధ్యానానికి ఒక కొలత ఉంది. దాన్ని సామాయికం అంటారు. 48 నిమిషాలు, అంటే సరిగ్గా రెండు ఘడియలు. ఆ సేపు ఎవరి మీదా రాగం, ద్వేషం లేకుండా సమంగా ఉంటానని మాట ఇచ్చి కూర్చుంటారు. ఉన్ని ఆసనం వేసుకుంటారు, నోటికి అడ్డంగా ముహపత్తి అనే గుడ్డ పట్టుకుంటారు. లైటు, ఫ్యాన్ వెయ్యరు. మన ఊళ్ళో ఆ నెలలో ఉక్కపోత ఎలా ఉంటుందో తెలిసిందే, కాబట్టి మొదట్లో ఫ్యాన్ వేసుకుని కూర్చోమనే నా సలహా. చెమట తుడుచుకోవడంతోనే ఘడియ గడిచిపోతే కూర్చున్న పని జరగదు. ఫోన్ మాత్రం వేరే గదిలో పెట్టండి. పొద్దున్న పాలు రాకముందు కూర్చోగలిగితే మేలు.

మొదట నవకార్ మంత్రం చదువుతారు. అరిహంతులకి, సిద్ధులకి, ఆచార్యులకి, ఉపాధ్యాయులకి, లోకంలోని సాధువులందరికీ నమస్కారం. అందులో ఫలానా వ్యక్తి పేరంటూ ఉండదు, కోరికా ఉండదు. మంత్రం రానివాళ్ళు తమ ఇష్టదైవాన్ని తలుచుకుని మొదలుపెట్టొచ్చు.

తర్వాత ఇరియావహియం అనే చిన్న సూత్రం వస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ధ్యానం కోసం ఆసనం దాకా నడిచి వచ్చారు కదా, ఆ నడకలో తొక్కిన వాటికి ముందు క్షమాపణ చెప్పాలి. ప్రాణులు, విత్తులు, పచ్చిక, మంచుబిందువులు, చీమల పుట్టలు, నాచు, తడి మట్టి, సాలెగూళ్ళు అని సూత్రం పేరుపేరునా చెబుతుంది. ఒక ఇంద్రియం ఉన్న జీవి నుంచి ఐదింద్రియాల జీవి దాకా ఎవరిని తొక్కినా, బెదిరించినా, ఉన్న చోటు నుంచి కదిపినా మిచ్ఛామి దుక్కడం. ఇది మీరు తెలుగులోనే మీ మాటల్లో చెప్పుకోండి. వానాకాలం పెరట్లో నూతి గట్టు మీద పట్టిన నాచు, గుమ్మం కింద బారు కట్టిన చీమలు, మూల గూడు కట్టిన సాలీడు గుర్తు చేసుకోండి. చీమని క్షమించమని అడగడం రెండు రోజులు వింతగా ఉంటుంది. మూడో రోజుకి అడుగు వేసేటప్పుడు కిందకి చూడటం దానంతటదే వస్తుంది. చీమ దగ్గర వంగిన తలకి మనిషి దగ్గర వంగడం అంత కష్టం కాదు.

ఇప్పుడు కాయోత్సర్గం, అంటే ఒంటి మీద ధ్యాస వదిలి కదలకుండా ఉండటం. లేచి నిలబడండి. పాదాల మధ్య ముందు వైపు నాలుగు వేళ్ళ ఎడం ఉంచి, చేతులు వదులుగా కిందికి వేలాడనివ్వండి. పెద్దవాళ్ళు కూర్చునే చెయ్యొచ్చు. జైనులు తీర్థంకరులని స్తుతించే లోగస్స సూత్రాన్ని మనసులో చదువుతూ పద్యపాదానికి ఒక శ్వాస చొప్పున లెక్కిస్తారు. ఒక లోగస్సకి 25 శ్వాసలు. రోజూ సాయంత్రం చేసిన తప్పుల్ని తలుచుకుని చేసే ప్రతిక్రమణంలో అలాంటివి 4, అంటే 100 శ్వాసలు. పక్షానికొకసారి 300, నాలుగు నెలలకొకసారి 500, సంవత్సరి నాడు 1008. మీకు సూత్రం రాకపోయినా ఊపిరి లెక్కపెట్టుకోవచ్చు. 25 చొప్పున నాలుగుసార్లు. బలవంతంగా ఊపిరి లాగొద్దు, బిగపట్టొద్దు. వచ్చే ఊపిరిని వచ్చినట్టే లెక్కపెట్టండి.

లెక్క తప్పుతుంది. మండపం చందా, ఈఎంఐ, అత్తగారి మోకాలి నొప్పి అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి. తప్పిన చోట విసుక్కోకుండా మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. వీధిలో మండపం వాళ్ళు మైకు టెస్టింగ్ మొదలుపెడితే కిటికీ మూసి తిట్టుకుంటూ కూర్చోవద్దు. ఆ శబ్దం రావడం, ఒంట్లో కోపం లేవడం, అది ఎక్కడ లేస్తోంది, దవడలోనా, ఛాతీలోనా అని చూడండి. ఎనిమిది రోజుల ధ్యానంలో కోపాన్ని ఇంత దగ్గరగా చూసే అవకాశం మళ్ళీ దొరకదు.

నాలుగు భావనలు

ఊపిరి కుదుటపడ్డాక కూర్చోండి. ఇక్కడ సగం సమయం కేటాయించండి. జైన ఆచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రంలో నాలుగు భావనలు చెప్పాడు. ప్రాణులందరి పట్ల మైత్రి, గుణవంతుల పట్ల ప్రమోదం, బాధపడేవాళ్ళ పట్ల కారుణ్యం, చెప్పినా మారనివాళ్ళ పట్ల మాధ్యస్థ్యం. రోజుకో భావన తీసుకుని రెండుసార్లు తిప్పితే ఎనిమిది రోజులకి సరిగ్గా సరిపోతుంది.

మైత్రిని తేలికైన వాళ్ళతో మొదలుపెట్టండి. పాలు పోసే ఆవిడ, రోజూ ఎక్కే బస్సు కండక్టరు, కాళేశ్వరరావు మార్కెట్లో మీకు కూరగాయలు తూచే అతను. ఒక్కొక్క ముఖాన్నీ మనసులో తెచ్చుకుని, ఇతను చల్లగా ఉండాలి అనుకోండి. తర్వాత ముఖం మాత్రమే తెలిసినవాళ్ళు. ఆ తర్వాత మీతో మాటలు లేనివాళ్ళు. మొదటి రోజే పగవాడి ముఖం తెచ్చుకుంటే గుండె బిగుసుకుంటుంది తప్ప ప్రేమ పుట్టదు.

మహావీరుడు చండకౌశికుడనే పాము ఉన్న దారిన వెళ్ళిన కథ ఈ రోజుల్లో చెబుతారు. ఆ పాము ఆయన పాదాన్ని కాటు వేస్తే ఆయన పారిపోలేదు, దాన్ని కొట్టలేదు. "బుజ్ఝ, బుజ్ఝ, చండకోసియా" అన్నాడు. మేలుకో, తెలుసుకో అని. వెనకటి జన్మలో కోపం వల్లే ఆ పాము పామైందని ఆయనకి తెలుసు. కరిచినవాడి వెనక ఏముందో తెలిస్తే మైత్రి సాధ్యపడుతుందని నేను ఈ కథ నుంచి తీసుకున్నాను. మీతో దురుసుగా మాట్లాడిన మనిషికి ఇంట్లో ఏం జరుగుతోందో ఒక్క నిమిషం ఆలోచించి చూడండి.

ప్రమోదం వినడానికి తేలిక, చెయ్యడానికి అన్నిటికంటే కష్టం. తోడికోడలి కొడుక్కి ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. మీ కొట్టు ఎదురుగా పెట్టిన కొట్టు బాగా నడుస్తోంది. మీ జూనియర్‌కి ప్రమోషన్ వచ్చింది. ఆ పిల్లవాడు ఎన్ని రాత్రులు చదివాడో, ఆ కొట్టతను పొద్దున్న ఎన్నింటికి షట్టర్ ఎత్తుతాడో వివరంగా గుర్తు చేసుకోండి. వాళ్ళ కష్టం కళ్ళకి కట్టేకొద్దీ కడుపుమంట తగ్గుతుంది. తగ్గకపోతే ఆ మంటని కూడా తప్పుల లెక్కలో రాసుకోండి. చాలా మాట జారడాలకి మూలం అదే.

కారుణ్యాన్ని మనసులోనే ఉంచెయ్యకండి. 2024లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్ళలో మునిగింది సరిగ్గా పర్యుషణ్ మొదలైన రోజుల్లోనే. ఇళ్ళ పై అంతస్తుల్లో జనం తాగునీళ్ళ కోసం ఎదురుచూశారు. అలాంటి రోజున 48 నిమిషాలు కళ్ళు మూసుకుని కరుణ గురించి ధ్యానం చేసి లేస్తే సరిపోదు, లేచి రెండు నీళ్ళ క్యాన్లు మోసుకెళ్ళాలి. వరద లేని ఏడాదిలోనైనా మీ వీధిలో ఒక ముసలావిడ మందుల చీటీ పట్టుకుని నిలబడే ఉంటుంది.

మాధ్యస్థ్యం మారనివాళ్ళ కోసం. తాగుడు మానని బాబాయ్, ఎన్నిసార్లు చెప్పినా అప్పు తీర్చని స్నేహితుడు. అసహ్యించుకోవద్దు, అదే పనిగా నీతులూ చెప్పొద్దు. మన వైపు తలుపు తీసే ఉంచి, వాళ్ళ దారిన వాళ్ళని వదిలెయ్యడం.

లెక్క రాయండి

నాలుగో రోజు నుంచి ఒక పుస్తకం పెట్టుకోండి. సంవత్సరి నాడు సాయంత్రం జైనులు దాదాపు మూడు గంటలు ప్రతిక్రమణంలో కూర్చుని ఏడాది తప్పుల్ని వరసగా తలుచుకుంటారు. అంతసేపు తలుచుకోవడం మొదటిసారి మనవల్ల కాదు, అందుకే రోజుకి కొంచెం రాసుకోవడం మంచిది.

వాళ్ళ లెక్క చాలా నిక్కచ్చిగా ఉంటుంది. తప్పు మనసుతో, మాటతో, ఒంటితో జరుగుతుంది. దాన్ని మనమే చెయ్యొచ్చు, ఇంకొకరితో చేయించొచ్చు, ఎవరో చేస్తుంటే మెచ్చుకోవచ్చు. మూడు మూళ్ళు తొమ్మిది. మనం మామూలుగా మొదటి రెండు మూడు గళ్ళే చూసుకుంటాం. 'చేయించడం' గడి దగ్గర ఆగండి. మీరు వాచ్‌మన్‌తో చెప్పించి వెళ్ళగొట్టించిన మనిషి ఉన్నాడా? 'మెచ్చుకోవడం' దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగండి. ఫ్యామిలీ గ్రూపులో ఎవరో మరదలి రంగు మీద జోకు వేస్తే మీరు నవ్వుతున్న బొమ్మ పెట్టారు. ఆ బొమ్మ ఆ అమ్మాయి చూసింది.

రాసేటప్పుడు "ఎవరినైనా నొప్పించి ఉంటే" అని రాయకండి. పేరు, చోటు, అన్న మాట రాయండి. మిర్చి యార్డులో బస్తాలు మోసే అతన్ని నలుగురి ముందు "నీ మొహానికి" అన్నారా, ఆ మాటే రాయండి. ఆటో అతనితో ఇరవై రూపాయల కోసం గొడవపడి దిగిపోయారా, అదీ రాయండి.

తర్వాత మీ కోపాల వయసు చూడండి. జైన శాస్త్రం కోపాన్ని నాలుగు రకాలుగా చెబుతుంది. నీటి మీద గీత లాంటిది పదిహేను రోజుల్లో పోతుంది. ఇసుక మీద గీత నాలుగు నెలలు ఉంటుంది. ఎండిన నేలలో పడిన పగులు ఏడాది ఉంటుంది, వాన పడితే పూడుతుంది. కొండరాయిలో పడిన చీలిక జీవితాంతం పూడదు. పక్షానికి, నాలుగు నెలలకి, ఏడాదికి ప్రతిక్రమణం పెట్టుకున్నది ఈ గడువులు దాటకుండా ఉండటానికే. సంవత్సరి చివరి గడువు. అది దాటిన కోపం రాయిలో చీలికగా మారుతుంది. మీ పుస్తకంలో ఏడాది నిండబోతున్న పేర్ల పక్కన గీత పెట్టుకోండి. అడగడం వాటితోనే మొదలుపెట్టాలి.

అడగండి

సంవత్సరి నాడు చదివే గాథ ఒకటుంది. "ఖామేమి సవ్వ జీవే, సవ్వే జీవా ఖమంతు మే, మిత్తీ మే సవ్వ భూఏసు, వేరం మజ్ఝ న కేణఇ." జీవులందరినీ నేను క్షమిస్తున్నాను, జీవులందరూ నన్ను క్షమించాలి, అందరితో నాకు మైత్రి, ఎవరితోనూ వైరం లేదు. ముందు మనం క్షమించాలి, ఆ తర్వాతే అడగాలి. లోపల "నువ్వు మాత్రం తక్కువ తిన్నావా" అనుకుంటూ వెళ్తే, రెండో మాటకే అది బయటపడుతుంది.

మా వీధి చివర దాదీ ఒకావిడ ఉండేవారు. సంవత్సరి మర్నాడు పొద్దున్నే ఆవిడ అందరికంటే ముందు తమ పనిమనిషి దగ్గరికి వెళ్ళేవారు. ఒక ఏడాది నేను చూశాను. పనావిడ పెరట్లో గిన్నెలు తోముతోంది. దాదీ చిన్న పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. "ఊరగాయ జాడీ పగిలిందని నీ మీద అరిచాను గదా. పగలగొట్టింది మా మనవడు. నాకు రెండు రోజులకే తెలిసింది. తెలిసి కూడా నీకు చెప్పలేదు. మిచ్ఛామి దుక్కడం" అని చేతులు జోడించారు. పనావిడ చేతులకి సబ్బు నురగ, ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడింది. దాదీ జవాబు కోసం ఆగలేదు. లేచి లోపలికి వెళ్ళి ఆమెకి టిఫిన్ పెట్టించారు.

ఆ పద్ధతిని మీరు యథాతథంగా పాటించొచ్చు. మీకంటే కింద ఉన్నవాళ్ళతో, మీకు ఎదురు చెప్పలేని వాళ్ళతో మొదలుపెట్టండి. పనిమనిషి, డ్రైవరు, కొట్లో కుర్రాడు, మీ పిల్లలు. జరిగింది సూటిగా చెప్పండి. దాచిపెట్టిన ముక్క ఉంటే అది కూడా చెప్పండి. అవతలివాళ్ళు వెంటనే "పర్లేదు" అనాలని చూస్తూ నిలబడకండి.

ఇంట్లోవాళ్ళతో మాట్లాడేటప్పుడు మామూలుగా మాట్లాడే తీరులోనే అడగండి. "వదినా, గృహప్రవేశంలో నువ్వు పెట్టిన చీర గురించి నలుగురిలో నేను అన్న మాట తప్పు. నన్ను క్షమించు." అక్కడితో ఆపెయ్యండి. "కానీ ఆ రోజు నేనూ టెన్షన్‌లో ఉన్నాను" అని పొడిగించారంటే క్షమాపణ వాదనగా మారిపోతుంది. "నువ్వు ఫీలై ఉంటే సారీ" అనడం అంతకంటే దారుణం, తప్పంతా ఆమె ఫీలవడంలోనే ఉందన్నట్టు. నాన్నతో మాటలు తగ్గి చాలాకాలమైన కొడుకులు మన ఊళ్ళలో ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్ళకి పెద్ద మాటలు అక్కర్లేదు. పక్కన కూర్చుని "నాన్నా, ఆ రోజు పొలం సంగతిలో మీ మీద గొంతెత్తాను, తప్పు నాదే" అంటే చాలు.

దగ్గర్లో ఉన్నవాళ్ళ ఇంటికి వెళ్ళండి. దూరంలో ఉంటే ఫోన్ చెయ్యండి. ఫోన్ ఎత్తకపోతే మీ చేత్తో నాలుగు వాక్యాలు రాసి పంపండి. అందరికీ ఒకే ఫార్వర్డ్ పంపితే ఎవరికీ పంపనట్టే.

డబ్బు బాకీ ఉంటే క్షమాపణతో అది తీరదు. పనివాళ్ళకి పట్టుకున్న జీతం, కొట్లో రాయించుకుని మర్చిపోయిన సరుకు ముందు చెల్లించండి, తర్వాత మాట్లాడండి.

ఒక జాగ్రత్త. క్షమించడం అంటే కొట్టిన మనిషి ఇంటికి తిరిగి వెళ్ళడం కాదు. మోసం చేసినవాడి చేతిలో మళ్ళీ తాళాలు పెట్టమని కూడా ఎవరూ చెప్పలేదు. వైరం వదలడం మనసులో జరుగుతుంది. ఆ మనిషికి ఎంత దూరంలో ఉండాలన్నది వేరే నిర్ణయం, అది మీ క్షేమాన్ని బట్టి తీసుకోవాలి. పెద్దవాళ్ళు పండగ పేరు చెప్పి ఇలాంటి చోట రాజీకి బలవంతపెట్టడం నాకు అస్సలు నచ్చదు.

అవతలివాళ్ళు క్షమించకపోతే? బృహత్కల్ప సూత్రమనే జైన గ్రంథంలో దీనికి స్పష్టమైన జవాబుంది. శాంతించినవాడికి ఆరాధన ఉంది, శాంతించనివాడికి లేదు, కాబట్టి మనం శాంతించాలి. అవతలివాళ్ళు పలకరించినా పలకరించకపోయినా, లేచి గౌరవించినా గౌరవించకపోయినా మన పని మనం చెయ్యాలి. అడగడంతో మీ వంతు పూర్తయింది. వారం రోజులు ఆగి మళ్ళీ వెళ్ళి వాళ్ళని విసిగించకండి.

ఎవరైనా మిమ్మల్ని అడగడానికి వస్తే, వాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి. "అదొక్కటేనా" అంటూ పాత లెక్కలన్నీ విప్పకండి. వెంటనే క్షమించలేకపోతే "మీరు వచ్చి చెప్పినందుకు సంతోషం, నాకు కొంచెం టైం పడుతుంది" అని నిజమే చెప్పండి. నోటి చివర "పర్లేదు" అనడం కంటే అది మేలు.

చనిపోయినవాళ్ళ పేర్లు కూడా మీ పుస్తకంలో ఉంటాయి. వాళ్ళకోసం సంవత్సరి ముందు రోజు సామాయికం విడిగా చెయ్యండి. వాళ్ళ ముఖం తలుచుకుని, తప్పు పేరు పెట్టి చెప్పి, ఆ గాథ ఒకసారి చదవండి. తర్వాత వాళ్ళ పిల్లలకో, తమ్ముళ్ళకో ఫోన్ చేసి బాగోగులు అడగండి.

తోడు కావాలనుకుంటే

ఒక్కరే చెయ్యడం కష్టమనిపిస్తే మీకు తెలిసిన జైన్ కుటుంబాన్ని అడిగి వాళ్ళతో పాటు ఒకసారి ప్రవచనానికి వెళ్ళండి. మూర్తిపూజకుల దగ్గర, అంటే విగ్రహపూజ చేసే శ్వేతాంబరుల దగ్గర, తీర్థంకరుల జీవితాలు చెప్పే కల్పసూత్రం చదివే రోజులవి. అందులో మహావీరుడి జన్మ ఘట్టం, తల్లి త్రిశల కన్న పద్నాలుగు కలలు వచ్చే రోజు పిల్లల్ని తీసుకెళ్ళండి, వాళ్ళకి నచ్చుతుంది. స్నానం చేసి, తోలు బెల్టు, తోలు పర్సు ఇంట్లో వదిలి వెళ్ళాలి. ప్రవచనం హిందీలోనో, గుజరాతీలోనో ఉంటుంది, పక్కనున్నవాళ్ళని అడిగితే చెబుతారు. విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళే హైవే మీద నాగార్జున యూనివర్సిటీ దగ్గర హ్రీంకార తీర్థం ఉంది. అక్కడ కూర్చుని ఒక సామాయికం చేసుకోవడానికి ఒక ఆదివారం కేటాయించొచ్చు.

చవితి నాటికి పుస్తకంలో సగం పేర్లు అలాగే మిగిలిపోతే కంగారుపడకండి. దిగంబరుల పది రోజులు అప్పుడే మొదలవుతాయి, వాటి చివర క్షమావాణి ఉంది. మీకు దొరికిన రెండో గడువు అనుకుని వాడుకోండి. ఆ తర్వాత పక్షానికొకసారి, చతుర్దశి నాడు, పుస్తకం తీసి ఆ పదిహేను రోజులవి రాయండి. సంవత్సరి తర్వాత వచ్చే మొదటి చతుర్దశి అనంత చతుర్దశే. ఆ సాయంత్రం ఇంకా అడగని పేర్లు చూసుకుని, వాటిలో బాగా పాతదాన్ని ఎంచుకుని ఫోన్ చెయ్యండి.